దూది మంచు

కడప,
సంక్రాంతి మరునాడు

నాయనా,

ముసలి మిషనరీ దొర, దొరసాని చలికాలంలో మన సీమకు రావడం మీద నువ్వు రాసిన కథ అందింది. మొదటిసారి మూడో పేజీ దగ్గర ఆపేసి, కాగితాలు బల్ల మీద పడేసి, టీ తాగొచ్చి మళ్ళీ పట్టుకున్నాను. ఎందుకంటే మూడో పేజీలో జమ్మలమడుగులో మంచు కురిసింది. పోనీ పొగమంచేమో అని సర్దుకుందామంటే, తర్వాతి పేరాలో ముసలి దొరగారు బూట్లకు అంటిన మంచు దులుపుకున్నాడు!

కడపలో సంక్రాంతి రోజుల్లో కూడా తెల్లారుజామున 15 డిగ్రీల కిందికి దిగడమే అరుదు. నీ మంచు ఎక్కడిదో నాకు తెలుసు. క్రిస్మస్ కార్డులది. మా పేట చర్చిలో పశువులపాక బొమ్మ మీద ఏటా దూది అంటిస్తారు, మంచని. చిన్నప్పుడు నేనూ అంటించినవాణ్ణే. పాక మీద బాగుంటుంది గానీ పెన్నా ఒడ్డున అంటిస్తే ఎట్లా?

తప్పంతా నీది కాదులే. నా కాలంలో డిసెంబరు సంచికకు కథలడిగే ఎడిటరు ఒకాయన ఉండేవాడు, మద్రాసులో. నేను జొన్న సంగటి అని రాస్తే పాఠకులకు అర్థం కాదని కొట్టేసి, 'వేడివేడి అన్నం' అని అచ్చేసినాడు. కరువు సీమలో కూలోళ్ళ ఇంట్లో రాత్రి పూట వేడివేడి అన్నం! ఆ కథ చదివి మా ఊళ్ళో ఎంత నవ్వినారో. ఆయనకు మాత్రం కథలో చలి చాల్లేదట.

అసలు సంగతికి వస్తాను. నీ కథలో చలికాలమంటే ఆ ముసలి దంపతులకు పెద్ద గండం. మన సీమలో మిషనరీలకు చలికాలమే పని కాలం నాయనా. ఎండాకాలం కొడైకెనాలో కూనూరో కొండలెక్కేవాళ్ళు. వానల్లో నల్లరేగడిలో బండి ఇరుసుదాకా దిగబడేది. వాన వెలిసి, రేగడి ఆరి, బాట గట్టిపడినాకే డేరా, మందుల పెట్టె, లాంతరు బొమ్మల పెట్టె బండికెత్తుకుని ఊళ్ళ మీదికి పొయ్యేవాళ్ళు. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదు అంటాం గదా, అదే వాళ్ళకు కలిసొచ్చేది. చీకటి పడితేనే గదా తెర మీద బొమ్మ పడేది! జనం కూడా పెందలాడే చేన్ల నుంచి వచ్చి కూచునేవాళ్ళు.

లండన్ మిషన్ వాళ్ళు విశాఖపట్నంలో దిగింది 1805లో, కడపకొచ్చింది 1822లో. నీ కథ 1905లో జరిగిందన్నావు. ఎనభై ఏళ్ళకు పైగా ఇక్కడి ఎండా చలీ చూసిన మిషన్ మనుషులు ఏమీ తెలియకుండా వణుక్కుంటూ బయల్దేరతారా? పైగా వాళ్ళను మద్రాసు నుంచి గుర్రం మీద తెచ్చినావు. మద్రాసు, బొంబాయి రైలుదారి 1871కే కలిసిపోయింది. ముద్దనూరులో దించి ఎద్దులబండి ఎక్కిస్తే సరిపోయేది.

'సేవ' అనే మాట పంతొమ్మిదిసార్లు వచ్చింది, లెక్కపెట్టినాను. పద్దెనిమిది చోట్ల ఆ దొరసాని ఏం చేసిందో నాకు కనపడలేదు. ఒక్కచోట కనపడింది. జ్వరం పిల్లోడి రొమ్ము మీద పెట్టే ముందు స్టెతస్కోపు బిళ్ళను రెండు చేతుల మధ్య పెట్టుకుని నోటితో ఆవిరి ఊదింది చూడు, అక్కడ. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే రాస్తున్నాను.

ఇంకొకటి. నీ బండి తోలేవాడు రాత్రిపూట ఏమైపోతాడు? దొర, దొరసాని డేరాలో కంబళ్ళు కప్పుకుంటారు, ప్రార్థన చేసుకుంటారు, చలి గురించి రెండు పేజీలు మాట్లాడుకుంటారు. వాడు మాత్రం పొద్దున బండి కట్టేటప్పుడే మళ్ళీ కనపడతాడు, చలికి నిజంగా వణికింది వాడైతే.

మా జేజి వాళ్ళ నాయన అట్లా ఒక మిషన్ దొరకు బండి తోలినాడు. బండి కిందనే జొప్ప పరుచుకుని పడుకునేవాడంట. అది చూసి దొరసాని ఆయనకు ఉన్ని మేజోళ్ళు అల్లి ఇచ్చింది. ఇరవై అయిదేళ్ళ వయసులో నేను ఆ సంగతిని కథ చేసినాను. చివర్లో ముసలాయన మేజోళ్ళు కళ్ళకద్దుకుని బొటబొటా ఏడుస్తాడు. అచ్చయినాక గొప్పగా జేజికి చదివి వినిపించినాను. ఆమె వక్కాకు నములుతూ అంతా విని, "మా నాయన ఏడ్చినాడని నీకెవరు చెప్పినారురా?" అనింది.

ఏడవలేదంట. జన్మలో కాళ్ళకు గుడ్డ తొడిగిన మనిషి కాదాయె, తొడిగితే మడమలు దురద పెట్టినాయంట. మర్నాడే విప్పేసినాడు. దొరసాని అడిగినప్పుడల్లా "బాగుండాయమ్మా" అనేవాడంట. అవి ఇంట్లో చాలా ఏళ్ళు ఉండినాయి. ఒకదాంట్లో విత్తనం జొన్నలు, ఒకదాంట్లో కందులు పోసి, ఎలకలకందకుండా దూలానికి కట్టినాడు. జేజి చిన్నప్పుడు కింద పడుకుని వాటినే చూస్తా నిద్రపోయేదంట, ఎవరో దొర మిద్దెలోంచి కాళ్ళు వేలాడేసినట్టు ఉండేవంట.

నేను రాసింది చించేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. రాయలేదు. ఆ ఎడిటరుకు ఏడుపు బాగా నచ్చింది, ఇంకో నాలుగు అట్లాంటివే పంపమన్నాడు, పంపినాను.

పోటీకి పంపొచ్చా అని అడిగినావు. ముందు మంచు తీసెయ్, స్టెతస్కోపు ఉంచు. బండి తోలేవాడు ఎక్కడ పడుకున్నాడో, ఏం కప్పుకున్నాడో కనుక్కుని రాసి పంపు. మీ ఊళ్ళో ముసలోళ్ళు ఇంకా ఉండారు గదా.

ఇట్లు,
నీ కథ రెండుసార్లు చదివిన ముసలాడు