మోకాలి మార్పిడి: నొప్పి ఎన్నాళ్లుంటుందో ముందే చెప్పొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగింది, మార్పిడి చేయాలన్నారు. మా వాడకట్టులో ఒకామె ఆపరేషన్ అయిన మూడో నెలకే బతుకమ్మ ఆడింది. మా మేనత్తకేమో ఏడాదిన్నర దాటినా నొప్పి పోలేదు. అమ్మకు ఎట్లుంటుందో ముందే తెలుసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఫలానా నెలకు నొప్పి పోతుందని ఎవరూ రాసివ్వలేరు. కానీ మేనత్తలా ఇబ్బంది పడే అవకాశం ఎక్కువా, తక్కువా అన్నది ఆపరేషన్‌కు ముందే కొంతవరకు అంచనా వేయొచ్చు. మోకాలు మార్పించుకున్నవాళ్లలో నూటికి సుమారు 80 మంది తృప్తిగా ఉంటారు. మిగతావాళ్లకు నొప్పి కొంత మిగులుతుంది, లేదా అనుకున్న పనులు చేసుకోలేకపోతారు.

ముందుగా, నిలబెట్టి తీసిన ఎక్స్‌రే చూడమనండి. ఎముకకు ఎముక రాసుకునేంత అరిగిన మోకాలికే మార్పిడి ఎక్కువ ఊరటనిస్తుంది. ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు బాగానే ఉండి నొప్పి మాత్రం భరించలేనంతగా ఉంటే, అది నడుము నరం నుంచో తుంటి నుంచో వస్తుండవచ్చు. అప్పుడు మోకాలు మార్చినా ఆ నొప్పి పోదు. డాక్టర్‌ను ఈ మాట సూటిగా అడగండి.

తర్వాత చూడాల్సింది మిగతా ఒళ్లు. నడుము, మెడ, భుజాలు కూడా ఎప్పుడూ నొస్తుంటాయా? రాత్రి నిద్ర పడుతుందా? దిగులు, ‘ఇక నా బతుకింతే’ అన్న భయం ఉన్నాయా? ట్రామడాల్ లాంటి ఘాటైన నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడుతున్నారా? వీటిలో రెండు మూడు ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత నొప్పి ఎక్కువ కాలం ఉండే అవకాశం పెరుగుతుంది. ఏళ్లుగా నొప్పి పడ్డ నరాలు చిన్న నొప్పినీ పెద్దది చేసి చూపిస్తాయి. ఈ కారణంతో ఆపరేషన్ మానుకోనక్కర్లేదు. నిద్రకు, దిగులుకు ముందే వైద్యం చేయించండి, ఆ బిళ్లలు డాక్టర్ సలహాతో మెల్లగా తగ్గించండి.

మోకాలు ఇప్పుడు ఎంత వంగుతుందో కూడా చూడండి. ముందు వంగినదాన్ని బట్టే తర్వాత వంగేదీ ఉంటుంది. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఈ వయసు ఆడవాళ్లు 11 సార్లయినా లేవాలి. అంతకు తగ్గితే తొడ కండరం బలహీనమైందని అర్థం. ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఆ బలం సగానికి పైగా పడిపోతుంది కాబట్టి, కనీసం 4 నుంచి 6 వారాల ముందే వ్యాయామం మొదలుపెట్టించండి. షుగర్ ఉంటే మూడు నెలల సగటు పరీక్షలో (HbA1c) 7.5–8 లోపు ఉండాలని చాలామంది సర్జన్లు కోరతారు. మోకాలిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఆపరేషన్‌కు 3 నెలలు ఆగాలి, లేకుంటే చీము పట్టే ముప్పు పెరుగుతుంది.

ప్రశ్న: నేను బీడీలు చేస్తాను. ఆపరేషన్ అయి అయిదు వారాలైంది. రాత్రుళ్లు గుంజుతుంది, మోకాలు 80 డిగ్రీలే వంగుతుంది. మళ్లీ కింద కూర్చుని చాట పట్టుకోగలనా?
– ఒక పాఠకురాలు, మెట్‌పల్లి

జవాబు: రాత్రి గుంజడానికి భయపడకండి. మొదటి రెండు మూడు నెలలు చాలామందికి ఉంటుంది. మోకాలు వేడిగా ఉండటం, కోతకు బయటి పక్క చర్మం మొద్దుబారడం, టక్కుమని చప్పుడు రావడం కూడా మామూలే. వాపు ఆరు నెలల దాకా ఉండొచ్చు, కోలుకోవడం ఏడాది వరకు సాగుతూనే ఉంటుంది.

80 డిగ్రీల సంగతి మాత్రం ఆలస్యం చేయొద్దు. రెండు మూడు వారాలకే 90 దాకా రావాలి. ఈ వారమే సర్జన్‌కు చూపించండి. వ్యాయామంతో రాకపోతే మత్తిచ్చి వంచే పద్ధతి ఉంది, అది మొదటి మూడు నెలల్లో చేస్తేనే బాగా పనిచేస్తుంది.

ఇంట్లో, డాక్టర్ రాసిన నొప్పి బిళ్ల వేసుకున్న 45 నిమిషాలకు వ్యాయామం మొదలుపెట్టండి. పడుకుని మడమను పిరుదుల వైపు మెల్లగా జరపండి, అయిదు సెకన్లు ఆపండి. ఇట్లా 10 సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. తర్వాత మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగం పరుపు వైపు దిగేలా పది నిమిషాలు ఉంచండి. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకునేవాళ్లే చాలామంది. ఆ అలవాటుతో మోకాలు పూర్తిగా చాచుకోక కుంటు నడక మిగిలిపోతుంది. చివర్లో బట్టలో చుట్టిన ఐస్ 15–20 నిమిషాలు. మర్నాటికి వాపు పెరిగితే ఆ రోజు విడతలు తగ్గించండి, పూర్తిగా మానేయకండి. పసరు కట్లు, తైలం మర్దన వద్దు.

కింద మఠం వేసుకుని కూర్చోవాలంటే మోకాలు 130 డిగ్రీలకు పైగా వంగాలి. మార్చిన మోకాలు ఎక్కువమందికి 110–120 దగ్గరే ఆగుతుంది. కుర్చీలో కూర్చుని ఒడిలో చాట పెట్టుకుని చేయండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడవండి. చాలామంది 6–8 వారాలకు ఇలాంటి పనిలోకి వస్తారు. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ తప్పనిసరి.

పిక్క గట్టిపడి వాచినా, కోత నుంచి చీము గానీ నీరు గానీ కారినా, 100.4 దాటిన జ్వరం వచ్చినా, తగ్గిన నొప్పి ఒక్కసారిగా పెరిగినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం వస్తే, ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: ఖరీదైన ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు), రోబో ఆపరేషన్ అయితే నొప్పి తక్కువుంటుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రోబోతో ఎముక కోత కొలత మరింత కచ్చితంగా వస్తుంది. దీర్ఘకాలంలో నొప్పి అందరికీ తగ్గుతుందన్న గట్టి రుజువు ఇంకా లేదు. మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది కాబట్టి, బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయమనండి. మిగిలే డబ్బుంటే ఆరు వారాల ఫిజియోథెరపీకి పెట్టండి, దాని ఫలితం మోకాలు వంగడంలో కనిపిస్తుంది.