దోమల జన్యు వ్యక్తీకరణపై పరిశోధనకు దిగే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

పురుగుమందులకు లొంగని అనాఫిలిస్ (మలేరియాను మోసే) దోమల్లో ఏ జన్యువుల వ్యక్తీకరణ, అంటే అవి పనిచేసే స్థాయి, పెరిగిందో ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌తో (కణాల్లోని ఆర్‌ఎన్‌ఏను చదివి లెక్కించే పద్ధతితో) తేల్చాలనుకుంటున్నట్టు రాశావు. యంత్రాల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి చాలా అడిగావు గాని, ఏ దోమలను ఏ దోమలతో పోల్చబోతున్నావో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఈ పని నిలిచేదీ కూలేదీ అక్కడే కనుక ముందు దాని సంగతే చెబుతాను.

మొదట ఆ దోమలకు నిజంగా నిరోధకత ఉందో లేదో చూసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో 3 నుంచి 5 రోజుల వయసున్న, రక్తం తాగని ఆడదోమలను మందు పట్టించిన కాగితం అమర్చిన గొట్టంలో గంటసేపు ఉంచి, 24 గంటల తరువాత చనిపోయినవాటిని లెక్కిస్తారు. 98 శాతం, ఆపైన చనిపోతే మందుకు లొంగినట్టు. 90 శాతానికి తగ్గితే నిరోధకత ఉన్నట్టు.

సాధారణంగా అందరూ బయట పట్టిన దోమలను కిసుము వంటి, మందుకు లొంగే ప్రయోగశాల జాతితో పోల్చి ఊరుకుంటారు. ఆ జాతి ఎన్నో తరాలుగా పంజరంలో పెరిగినది కాబట్టి రెండింటి మధ్య కనిపించే తేడాల్లో చాలా భాగం మందుకు సంబంధించినది కాకపోవచ్చు. అందుకే మందు తగిలినా బ్రతికినవి, అదే చోటి నుంచి తెచ్చి నూనె మాత్రమే పట్టించిన కాగితంతో ఉంచినవి, ప్రయోగశాల జాతివి అని మూడు గుంపులు పెట్టుకో. మందు తగిలిన వెంటనే తాత్కాలికంగా ఎగిసే జన్యువులు కొన్ని ఉంటాయి. కనీసం ఒక రోజు ఆగి, అన్ని గుంపులనూ ఒకే సమయానికి భద్రపరచు. దోమల్లో విషహర జన్యువులు (విషాన్ని విడగొట్టే ఎంజైములను తయారుచేసేవి) కొన్ని రోజులోని వేళను బట్టి హెచ్చుతగ్గులవుతాయి కనుక, ఒక గుంపును ఉదయం, మరొక గుంపును సాయంత్రం తీస్తే నీవు కొలిచేది నిరోధకతను కాదు, గడియారాన్ని.

అనాఫిలిస్‌లోని గాంబియే, కొలుజీ, అరాబియెన్సిస్ దోమలు వేర్వేరు జాతులైనా కంటికి ఒకేలా ఉంటాయి. చల్లని పళ్ళెం మీద ఒక కాలు తీసి, జాతిని తేల్చే డీఎన్‌ఏ పరీక్షకు ఉంచుకుని, మిగిలిన శరీరాన్ని ఆర్‌ఎన్‌ఏ కోసం దాచు. భద్రపరిచే ద్రావణంలో వేస్తే దోమ పైకి తేలుతుంది, దాని చర్మానికి నీరు అంటదు. ఫోర్సెప్స్‌తో లోపలికి నొక్కకపోతే ద్రావణం లోనికి చేరేలోపే ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ఇది చాలామంది రాయరు.

ఇక ఫలితాల మాట. ఈ దోమకు దాదాపు 13,000 జన్యువులున్నాయి; 0.05 అనే గీటురాయిని (తేడా యాదృచ్ఛికం కాదనడానికి గణాంకాల్లో వాడే పీ-విలువ హద్దును), ఒకేసారి ఇన్ని పరీక్షలు చేస్తున్నందుకు చేయాల్సిన దిద్దుబాటు లేకుండా వాడితే 600కు పైగా జన్యువులు కేవలం యాదృచ్ఛికంగానే తేడా చూపగలవు. సీవైపీ6పీ3, సీవైపీ6ఎం2 వంటి పీ450 (విషాన్ని విడగొట్టే ఎంజైముల కుటుంబం) జన్యువులు జాబితాలో పైకి వస్తే సంతోషిస్తావు, కాని ఎక్కువగా వ్యక్తమైనంత మాత్రాన అవే కారణమని కాదు. పీ450లను అడ్డుకునే పైపెరోనిల్ బ్యుటాక్సైడ్ ముందుగా తగిలించినప్పుడు మరణాలు పెరిగితే పీ450ల పాత్రకు బలం వస్తుంది. ఆ జన్యువును ఆర్‌ఎన్‌ఏఐతో (ఒక జన్యువు ఆర్‌ఎన్‌ఏను నాశనం చేసి దాని పనిని తగ్గించే పద్ధతితో) అణిచి, పైన చెప్పిన గొట్టం పరీక్షను (బయోఅస్సే) మళ్ళీ చేస్తే ఇంకా గట్టిపడుతుంది. తెలిసిన పేర్లనే వెతకడం కూడా ప్రమాదమే. 2020లో వెలువడిన ఒక పరిశోధన, కాళ్ళలో ఎక్కువగా ఉండే ఎస్‌ఏపీ2 అనే ప్రోటీన్ పైరిథ్రాయిడ్ (దోమతెరల్లో వాడే పురుగుమందుల వర్గం) నిరోధకతకు తోడ్పడుతుందని చూపింది. విషాన్ని విడగొట్టే ఎంజైముల వైపే చూసేవారికి అది దొరికేది కాదు. ఇక సోడియం చానల్‌లోని (పైరిథ్రాయిడ్ పనిచేసే నరాల ప్రోటీన్‌లోని) కేడీఆర్ అనే జన్యు మార్పు ప్రోటీన్ రూపాన్ని మారుస్తుందే తప్ప జన్యు వ్యక్తీకరణను పెంచదు. అందువల్ల అదే దోమల్లో దాన్ని విడిగా పరీక్షించు, లేకపోతే దాని ప్రభావాన్ని పీ450ల ఖాతాలో వేస్తావు.

క్యూపీసీఆర్‌తో (ఒక్కో జన్యువు ఆర్‌ఎన్‌ఏను విడిగా కొలిచే పద్ధతితో) సరిచూసేటప్పుడు, పోలికకు ప్రమాణంగా వాడే ఆర్‌పీఎస్7 అనే ఒక్క జన్యువు మీదే ఆధారపడక, నీ గుంపుల మధ్య మారని మరో ప్రామాణిక జన్యువును కూడా ఎంచుకో.

నమూనాలను సీక్వెన్సింగ్‌కు పంపే ముందు గుంపుల పట్టికను నాకు పంపు. అందులో ప్రతి గుంపు జాతి, వయసు, భద్రపరిచిన వేళ, కంట్రోల్ గొట్టాల్లోని (మందు లేని కాగితం పెట్టినవాటిలోని) మరణాల శాతం తప్పక రాయి. ఆ శాతం 20 దాటితే ఆ పరీక్షను పక్కన పెట్టి మళ్ళీ చేయి.