పోయిన కారు, పోని అప్పు

ప్రశ్న: మూడేళ్ల క్రితం ధరలో 90 శాతం అప్పు తీసుకుని, ఏడేళ్ల వాయిదాల మీద కారు కొన్నాను. వడ్డీ 9 శాతం. మూడు వారాల క్రితం రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లారేసరికి లేదు. అద్దం పగిలిన ఆనవాలు కూడా లేదు. పోలీసులకు ఆ ఉదయమే ఫిర్యాదు చేశాను. బీమా సంస్థకు ఫోన్లో చెప్పాను గానీ, కారు దొరుకుతుందేమోనన్న ఆశతో క్లెయిం పత్రాలు ఇంకా ఇవ్వలేదు. లేని కారుకు వాయిదా కట్టడమెందుకని ఈ నెల నుంచి ఆపేద్దామనుకుంటున్నాను. కారు వివరాలు సామాజిక మాధ్యమాల్లో పెట్టాక ఒకాయన ఫోన్ చేసి, కారు విలువలో పదో వంతు ఇస్తే అది ఎక్కడుందో చూపిస్తానని, అందులో సగం ముందే పంపాలని అంటున్నాడు. రెండో తాళంచెవి ఏడాది క్రితమే పోయింది. పదవీ విరమణ కోసం దాచుకున్న డబ్బు తీసి ఇంకో కారు కొనుక్కోవచ్చా?

జవాబు: మీరు అడిగినవి నాలుగైదు విషయాలైనా, చిక్కుముడి ఒకటే. కారు దొరుకుతుందన్న ఆశ దగ్గర మీ డబ్బు నిర్ణయాలన్నీ ఆగిపోయాయి. ఆశ వదులుకోమని నేను అనను. వెతకడం పోలీసుల పని, అది దాని దారిన సాగుతుంది. మీ లెక్కల పుస్తకంలో మాత్రం ఆ కారును ఈ రోజే పోయిన ఖాతాలో రాసుకోండి. క్లెయిం వేసినంత మాత్రాన వెతుకులాట ఆగదు, వేయకుండా కూర్చుంటే కారు తొందరగా దొరకదు. ఆలస్యం వల్ల జరిగేది ఒక్కటే: ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారని బీమా సంస్థ అడుగుతుంది, దానికి మీ దగ్గర గట్టి జవాబు ఉండదు. దొంగతనం సంగతి వెంటనే తెలియజేయాలన్న షరతు దాదాపు ప్రతి పాలసీలోనూ ఉంటుంది. మీరు ఫోన్లో చెప్పిన తేదీ, వేళ, వాళ్లిచ్చిన క్లెయిం సంఖ్య రాసి పెట్టుకోండి. అదే సంగతి ఈ రోజే రాతపూర్వకంగా కూడా పంపండి.

అన్నిటికంటే ముందు పాలసీ కాగితం తీసి, అది ఏ రకమో చూడండి. ఎదుటివారికి జరిగిన నష్టాన్ని మాత్రమే భరించే థర్డ్ పార్టీ పాలసీ అయితే దొంగతనానికి ఒక్క పైసా రాదు. అప్పు మీద కొన్న కారుకు అప్పిచ్చినవారు సాధారణంగా సమగ్ర బీమా చేయిస్తారు కనుక మీకు ఆ బెడద ఉండకపోవచ్చు. అయినా మొదటి ఏడాది చేయించి, తర్వాత చవగ్గా వస్తుందని థర్డ్ పార్టీకి మారినవారిని నేను చూశాను. మీ పాలసీ అదే అయితే, కింద చెప్పే లెక్కలో బీమా సొమ్ము సున్నా అనుకుని చదవండి.

ఇక వాయిదాల సంగతి. కారు ఆ అప్పుకు హామీ మాత్రమే. హామీ మాయమైనా అప్పు మీ పేరునే ఉంటుంది, వడ్డీ ఏ రోజుకారోజు పడుతూనే ఉంటుంది. మీరిచ్చిన వివరాలతోనే లెక్క కడదాం. కారు ధర 100 అనుకుంటే మీ అప్పు 90. ఏడేళ్లకు 9 శాతం వడ్డీ చొప్పున నెల వాయిదా సుమారు 1.45 అవుతుంది. మూడేళ్లు సక్రమంగా కట్టాక ఇంకా తీరాల్సిన అసలు 58 దాకా ఉంటుంది. సగానికి దగ్గరగా వచ్చామని మీరు అనుకుని ఉంటారు గానీ, మొదటి ఏళ్ల వాయిదాల్లో వడ్డీ పాలు ఎక్కువ కాబట్టి అసలు అలా నెమ్మదిగానే కరుగుతుంది. ఇప్పుడు బీమా సంస్థ మీ కారు విలువ 55గా కట్టిందని, డిడక్టిబుల్ పేరిట మీ వంతుగా 1 మినహాయించిందని అనుకుందాం. మిగిలే 54 నేరుగా మీ చేతికి రాదు, ముందు అప్పిచ్చినవారికి వెళుతుంది. అప్పటికీ 4 బాకీ ఉంటుంది, అది మీరే తీర్చాలి.

ఇక్కడ వాయిదా ఆపితే ఏమవుతుందో చూడండి. క్లెయిం తేలడానికి మూడు నెలలు పట్టిందనుకుందాం. ఆ మూడు నెలలూ మీరు వాయిదాలు కడితే తీరని అసలు 55కు దిగుతుంది, మీ మీద పడే లోటు 1కి తగ్గుతుంది. కట్టకపోతే 58 కాస్తా వడ్డీతో 59.5 అవుతుంది, లోటు 5.5కు పెరుగుతుంది, పైన ఆలస్య రుసుము వేరు. కట్టిన మూడు వాయిదాలు మొత్తం 4.35 అయితే, అందులో 3కు పైగా అసలులోకే జమ అవుతుంది. లేని కారుకు కడుతున్నానని మీకు అనిపించడం సహజమే కానీ, నిజానికి మీరు కడుతున్నది రేపు మీ మీద పడబోయే లోటును. పైగా వాయిదా తప్పిన మచ్చ మీ రుణ చరిత్రలో చేరితే, తర్వాతి కారుకు తీసుకునే అప్పు మీద అది కనబడుతుంది. చేతిలో డబ్బు నిజంగానే ఆడకపోతే ఆపేయకండి. పోలీసు ఫిర్యాదు నకలు, క్లెయిం సంఖ్య తీసుకుని అప్పిచ్చినవారి దగ్గరకు వెళ్లి, క్లెయిం తేలేదాకా వాయిదా తగ్గించమనో గడువు ఇవ్వమనో రాతపూర్వకంగా అడగండి. కారు పోయిన సంగతి వాళ్లకు ఎలాగూ తెలియజేయాలి. అక్కడున్నప్పుడే మీ అప్పు కాగితాల్లో గ్యాప్ కవర్ లాంటిది ఏమైనా ఉందేమో అడిగి చూడండి. బీమా ఇచ్చే సొమ్ముకూ తీరని అప్పుకూ మధ్య ఉన్న ఇదే లోటును అది పూరిస్తుంది. కొన్న రోజున పెట్టిన సంతకాల గుట్టలో దానికీ ఒక సంతకం పెట్టి మరిచిపోయినవారు ఉంటారు.

ఫోన్ చేసిన మనిషికి ఏమీ పంపకండి. అతను మీకు చెప్పిన వివరాల్లో మీరు స్వయంగా సామాజిక మాధ్యమాల్లో పెట్టనిది ఒక్కటైనా ఉందా అని గుర్తు చేసుకోండి. కారు రంగు, నంబరు, పోయిన వీధి, మీ ఫోన్ నంబరు అన్నీ అక్కడే ఉన్నాయి. ముందుగా సగం పుచ్చుకుని మాయమయ్యే మోసగాళ్లకు కారు పోగొట్టుకున్నవాళ్ల ప్రకటనలే పెట్టుబడి. ఒకవేళ అతనికి నిజంగానే కారు జాడ తెలుసనుకున్నా పరిస్థితి మెరుగుపడదు. దొంగ సొత్తును డబ్బిచ్చి విడిపించుకోవడం మిమ్మల్నే చట్టపరమైన చిక్కుల్లోకి లాగవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలోనైతే, దొంగిలించిన వస్తువు తెచ్చిస్తే బహుమతి ఇస్తాం, ఏ ప్రశ్నలూ అడగం అని బహిరంగ ప్రకటన ఇవ్వడమే 1968 నాటి దొంగతనాల చట్టం 23వ సెక్షన్ కింద నేరం. పైగా మీరిచ్చిన ఆ పదో వంతును బీమా సంస్థ తిరిగి ఇస్తుందని అనుకోకండి. అతని నంబరు, మాట్లాడిన వేళలు, పంపిన సందేశాలు దర్యాప్తు చేస్తున్న పోలీసులకు ఇవ్వండి. మీ ప్రకటనలోంచి ఫోన్ నంబరు తీసేసి, సమాచారం ఉన్నవారు పోలీసులకే చెప్పాలని మార్చండి.

కారు జాడ తీసే పనిలో మీకు ఖర్చు లేకుండా చేయగలిగినది ఒకటుంది. ఫిర్యాదు కాగితం ఒక చేత్తో, అప్పు ఒప్పందం ఇంకో చేత్తో పట్టుకుని, రెండింటిలోని ఛాసిస్ నంబరును ఒక్కో అక్షరం వేలు పెట్టి పోల్చి చూడండి. అందులో 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఐఎస్‌ఓ 3779 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు దానిలో ఉండకూడదు, ఒకటితోనో సున్నాతోనో పొరబడతారని. మీ ఫిర్యాదులో ఓ కనబడిందంటే అది సున్నాయే, రాసినవారు పొరబడ్డారన్నమాట. నంబరు పలక మార్చడం దొంగకు నిమిషాల పని. పోయిన వాహనాల పట్టికల్లో, ఇంటర్‌పోల్ నడిపే దొంగిలించిన వాహనాల డేటాబేసుతో సహా, కారును గుర్తుపట్టేది ఈ నంబరుతోనే. ఇందులో ఒక్క అక్షరం తప్పితే కారు తనిఖీలో పట్టుబడినా అది మీదని తేలదు. తప్పుంటే సవరణ కోసం ఈ రోజే రాసివ్వండి. కారుకు ఫోన్ యాప్ ఉంటే ఖాతా తీసేయకండి. చాలామంది కోపంతోనో భయంతోనో తీసేస్తారు, చివరి జాడ దానితోపాటే పోతుంది. యాప్‌లో ఎక్కడైనా చుక్క కనబడితే మీరు వెళ్లకుండా పోలీసులకు చూపించండి. చుట్టుపక్కల ఇళ్ల కెమెరాల దృశ్యాలు కూడా అడగండి. చాలా కెమెరాల్లో పాతవి కొద్ది రోజులకే చెరిగిపోతాయి కనుక మూడు వారాల తర్వాత దొరకకపోవచ్చు, అయినా అడగడానికి ఖర్చు లేదు.

అద్దం పగలకపోవడం, రెండో తాళంచెవి లేకపోవడం, ఈ రెండూ కలిసి మీ క్లెయింకు ఇబ్బంది తెచ్చేవి. దొంగతనం క్లెయింలో బీమా సంస్థలు తాళంచెవులన్నీ అప్పగించమని అడుగుతాయి. ఒకటి తక్కువైతే, కారును మీరే ఎవరికైనా ఇచ్చారేమోనన్న అనుమానానికి చోటిచ్చినట్టవుతుంది. ఈ భయంతో ఇప్పుడు హడావిడిగా నకలు చెవి చేయించి ఇచ్చే ఆలోచన ఉంటే మానుకోండి. కొన్ని రకాల కార్ల తాళంచెవులు చివరిసారి ఎప్పుడు వాడారో, అప్పుడు మీటరు ఎంత చూపించిందో తమలోనే దాచుకుంటాయి. బీమా సంస్థ దాన్ని చదివించిందంటే, నిజమైన దొంగతనం కాస్తా అబద్ధపు క్లెయిం కింద తేలిపోతుంది. రెండో చెవి ఎప్పుడు, ఎలా పోయిందో ఉన్నదున్నట్టు రాసివ్వండి. ఆ రోజుల్లో సర్వీసు సెంటరుతో దాని గురించి మాట్లాడిన సందేశం గానీ, కొత్త చెవి ధర అడిగిన మెయిల్ గానీ ఉంటే జతచేయండి. ఇక అద్దం విషయానికొస్తే, బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లను అద్దం పగలగొట్టకుండానే తీసుకెళ్లే పద్ధతి ఉంది. ఒకడు ఇంటి గుమ్మం దగ్గర ఒక పరికరంతో లోపలున్న చెవి సంకేతాన్ని అందుకుంటాడు, రెండోవాడు కారు పక్కన నిలబడి ఆ సంకేతాన్నే కారుకు వినిపిస్తాడు. చెవి పక్కనే ఉందనుకుని కారు తలుపు తెరుస్తుంది. ఈ పద్ధతి బీమా పరిశీలకులకు కొత్త కాదు, మీ కారు ఆ రకానిదైతే ఆ మాట క్లెయింలో రాయండి.

విలువ దగ్గర బేరమాడే అవకాశం ఉందా లేదా అన్నది పాలసీ చెబుతుంది. విలువను పాలసీలో ముందే రాసి ఉంటే అదే ఖాయం. పోయిన రోజు నాటి మార్కెట్ ధర అని ఉంటే, వాళ్లు చెప్పే మొదటి అంకెకు తలూపకండి. అదే మోడల్, అదే ఏడాది, దగ్గర దగ్గర అంతే తిరిగిన కార్ల అమ్మకపు ప్రకటనలు ఓ అయిదారు, మీ సర్వీసు రసీదులతో కలిపి పంపండి. తర్వాత బిగించుకున్న మ్యూజిక్ సిస్టంకు, సీటు కవర్లకు, పాలసీలో చూపించి ఉంటే తప్ప, ఏమీ రాదు.

కొత్త కారు గురించి నా మాట కాస్త కటువుగా ఉంటుంది. క్లెయిం తేలేదాకా కొనకండి, పదవీ విరమణ నిధిని అసలే ముట్టుకోకండి. ఇప్పుడు కొంటే ఉన్న వాయిదా అలాగే ఉంటుంది, దాని పక్కన కొత్త బీమా, కొత్త ఇంధనం ఖర్చు చేరతాయి. మధ్యలో పాత కారు దొరికితే రెండు కార్లు, ఖాళీ అయిన నిధి మిగులుతాయి. ముందుగా మీ పాలసీలో అద్దె కారు సౌకర్యం కొన్ని రోజులకైనా ఉందేమో చూడండి. లేకపోతే అవసరమైనప్పుడు అద్దె కారు పిలిపించుకుని, నెలకు ఎంతవుతుందో ఒక నెల నిజంగా రాసి చూడండి. రోజూ ఆఫీసుకు మాత్రమే తిరిగేవారికి ఆ మొత్తం కారు వాయిదా కంటే తక్కువే తేలడం నా దగ్గరకు వచ్చే లెక్కల్లో తరచూ చూస్తాను. అత్యవసర నిధి అని వేరే ఉంటే దాన్ని ఈ మూడు నాలుగు నెలల ప్రయాణాలకు, ఆ మిగిలే లోటుకు వాడండి. దాన్ని పెట్టుకున్నదే ఇలాంటి రోజుకు.

ఇక కారు దొరికిందని పోలీసుల నుంచి మీరు ఎదురుచూస్తున్న ఆ ఫోన్ నిజంగానే వస్తే ఏం చేయాలన్నది మిగిలింది. అది క్లెయిం సొమ్ము చెల్లించకముందు వస్తే కారు మీదే. బీమా సంస్థ దాన్ని పరిశీలించి, సమగ్ర పాలసీ ఉంటే దొంగల చేతిలో జరిగిన నష్టానికి మరమ్మతు ఖర్చు లెక్క కడుతుంది. కారు తెచ్చుకోవాలన్న తొందరలో యార్డుకు వెళ్లి రోజువారీ నిలుపుదల రుసుము, లాగుడు ఖర్చు మీ జేబులోంచి కట్టేయకండి. ఎవరు భరిస్తారో బీమా సంస్థను ముందు మెయిల్‌లో అడగండి. సొమ్ము చెల్లించాక దొరికితే కారు బీమా సంస్థది, ఎందుకంటే ఆ సొమ్ము తీసుకునేటప్పుడు మీరు యాజమాన్య హక్కు వాళ్లకు రాసిచ్చి ఉంటారు. నా దగ్గరకు వచ్చే ఒకాయనకు చెక్కు అందిన పద్దెనిమిది రోజులకు కారు దొరికింది. లోపల ఆయన కూతురి పుస్తకాల సంచి ఉంది. కారు ఆయనది కాకపోయినా సంచి ఆయనదే అయింది. అది తెచ్చుకోవడానికి ఒక ఉత్తరం సరిపోయింది. ఆ కారునే తిరిగి కొంటారా అని సంస్థ అడిగితే ఆయన ముందు మెకానిక్‌ను పంపి చూపించుకుని, తర్వాత వద్దన్నారు. మీరు కూడా క్లెయిం పత్రాలతోపాటు, కారులో ఉండిపోయిన మీ వస్తువుల జాబితా ఒకటి విడిగా రాసి జతచేయండి. అందులో ఇంటి తాళంచెవి ఉంటే ఈ రాత్రికే ఇంటి తాళం మార్చండి.