అద్దెకున్నవాళ్ల కుక్క కరిస్తే ఇంటి ఓనర్ మీద కేసు పడుతుందా?

కాలిఫోర్నియాలో ఇల్లు అద్దెకిచ్చాను, అద్దెకున్నవాళ్ల కుక్క పక్కింటి బాబుని కరిచింది, నేను పరిహారం కట్టాలా అని అడిగారు. ముందు ఆ బాబు ఎలా ఉన్నాడో కనుక్కోండి.

అక్కడ మొదటి బాధ్యత కుక్కని పెంచుకునేవాళ్లదే. సివిల్ కోడ్ 3342 ప్రకారం, అది అంతకుముందు ఎవరినీ కరవకపోయినా వాళ్లు తప్పించుకోలేరు. ఈ సెక్షన్ ఇంటి ఓనర్‌కి వర్తించదు.

ఓనర్ విషయంలో 1975లో అక్కడి అప్పీల్ కోర్టు ఇచ్చిన తీర్పు ముఖ్యం. ఆ కుక్క ప్రమాదకరమని ఓనర్‌కి నిజంగా తెలిసి ఉండాలి. దాన్ని అక్కడి నుంచి పంపించే హక్కు కూడా ఉండాలి. రెండూ ఉండి ఊరుకుంటే బాధ్యత మీదాకా వస్తుంది. ఇంట్లో కుక్క ఉందని తెలియడం, అది మీద పడి కరుస్తుందని తెలియడం ఒకటి కాదు. అయితే "నాకు తెలియదు" అన్నంత మాత్రాన సరిపోదు, తెలిసే ఉంటుందని పరిస్థితులను బట్టి కూడా నిరూపించవచ్చు. ఆ కుక్క గురించి ఇరుగుపొరుగు ఇదివరకే మీకు మెసేజ్ పెట్టి ఉంటే అదే పెద్ద సాక్ష్యం. దయచేసి దాన్ని డిలీట్ చేయకండి.

లీజులో పెంపుడు జంతువుల షరతు ఏముందో చూసుకుని, మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఈరోజే చెప్పండి. నోటీసు వస్తే వెంటనే అక్కడి లాయర్ని కలవండి.