లిస్బన్‌లో ఆదివారాలు, బెన్ఫికా కబుర్లు

తమ్ముడూ, మీ ఉత్తరం శ్రద్ధగా చదివాను. సోమవారం పొద్దున ఆఫీసులో అందరూ లిస్బన్ ఫుట్‌బాల్ క్లబ్బు బెన్ఫికా మ్యాచ్ గురించి మాట్లాడుకుంటుంటే మీరొక్కరే పక్కన మౌనంగా నిలబడవలసి వస్తోందనీ, ఈ వయసులో ఫుట్‌బాల్ నేర్చుకోవడం అవసరమా అనీ అడిగారు. నివాస పత్రాల గురించీ, పన్ను నంబరు గురించీ కూడా రాశారు. ఆ నియమాలు తరచూ మారతాయి కనుక ప్రభుత్వ వెబ్‌సైట్లలోనే చూసుకోండి. నన్ను కలవరపెట్టింది మీ మొదటి ప్రశ్న. డబ్బు చాలక ఇక్కడినుంచి వెనుదిరిగిన మనవాళ్లను నేను కొద్దిమందినే చూశాను; పలకరించే మనిషి లేక వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

నేను 2012లో గుంటూరు నుంచి వచ్చాను. నాకు గది దొరికిన వీధిలో ఒక చిన్న కాఫీ కొట్టు ఉండేది. దాని యజమాని, అరవై దాటిన పెద్దాయన, మొదటి వారంలోనే "మీది ఏ క్లబ్బు?" అని అడిగారు. మాది క్రికెట్ దేశమనీ, ఫుట్‌బాల్ మీద ఆసక్తి లేదనీ చెప్పేశాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. మన పల్లెల్లో "ఏ ఊరు బాబూ, ఎవరి తాలూకు?" అని అడగడం ఎలాంటిదో, ఇక్కడ ఆ ప్రశ్న అలాంటిది. ఆయన తల ఊపి బల్ల తుడుచుకుంటూ పక్కకు వెళ్లిపోయారు. ఆ తరువాత నెలల తరబడి మా మధ్య "బొం దియ" (శుభోదయం) తప్ప మరో మాట లేదు.

రెండో పొరపాటు ఇంకా బాధ పెట్టింది. ఇదే ఊరి ప్రత్యర్థి క్లబ్బు స్పోర్టింగ్‌తో బెన్ఫికా మ్యాచ్ ఉన్న రోజున, ఆ సంగతి తెలియక, ఆకుపచ్చ స్వెటర్ వేసుకుని ఆ కొట్టులోకి వెళ్లాను. మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆకుపచ్చ స్పోర్టింగ్ రంగు, ఎరుపు బెన్ఫికా రంగు అని నాకు చెప్పినవాళ్లు లేరు. నేను పరాయివాణ్ని కాబట్టే అలా చూశారనుకుని, రెండు వారాలు అటువైపు వెళ్లకుండా గదిలోనే ఉండిపోయాను. ఒంటరితనం ముదిరితే ప్రతి చూపూ అవమానంగానే తోస్తుంది. మీరు ఆ స్థితికి చేరకముందే ఇది రాస్తున్నాను.

2014 జనవరి 5, ఆదివారం. కొట్టులోకి వెళ్లేసరికి పెద్దాయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఎవరు పోయారని అడిగాను. "యుసేబియో" అన్నారు, బెన్ఫికా పాత ఆటగాడు. ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బెన్ఫికా వాళ్ల లూజ్ స్టేడియం ముందున్న అతని విగ్రహం దగ్గరకు తీసుకువెళ్లారు. ఎర్ర కండువాలు, పూలు దాని చుట్టూ గుట్టగా పేరుకున్నాయి. అక్కడే నిలబడి పెద్దాయన అతని కథంతా చెప్పారు. మొజాంబిక్‌లో పుట్టిన ఆ కుర్రవాడు 1960 డిసెంబరు చలిలో, పద్దెనిమిదేళ్ల వయసులో ఈ ఊరు వచ్చాడు. మొజాంబిక్‌లో అతను ఆడిన జట్టు స్పోర్టింగ్‌కు అనుబంధమైనది కావడంతో అతని కోసం రెండు క్లబ్బులూ తగువు పడ్డాయి. బెన్ఫికావాళ్లు కొన్నాళ్లు అతన్ని దక్షిణ తీరంలోని అల్గార్వ్‌లో దాచి ఉంచారు. ఐరోపా క్లబ్బుల పెద్ద పోటీ అయిన యూరోపియన్ కప్ 1962 ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను 5-3తో ఓడించినప్పుడు రెండు గోల్స్ అతనివే. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా మీద 0-3తో వెనుకబడిన పోర్చుగల్ 5-3తో గెలిచింది. అందులో నాలుగు అతను కొట్టినవే. అంత దూరం నుంచి ఒంటరిగా వచ్చిన కుర్రవాడి కోసం ఊరంతా ఏడుస్తుంటే నాకూ కన్నీళ్లు ఆగలేదు.

ఆ రోజు నుంచి వినడం మొదలుపెట్టాను. 1904 ఫిబ్రవరి 28న ఈ ఊళ్లోని బెలేమ్ పేటలో ఒక మందుల దుకాణంలో కూడిన యువకులు బెన్ఫికా క్లబ్బును ప్రారంభించారు. 1908లో అది మరో క్లబ్బుతో కలిసి నేటి పేరు తెచ్చుకుంది. స్పోర్టింగ్ 1906లో ఒక ప్రభువు ఇంటి అండతో పుట్టింది కనుక, తమది సామాన్యుల క్లబ్బని బెన్ఫికా పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. చాలాకాలం మైదానాలు మారుతూ ఆడిన క్లబ్బుకు 1954లో సొంత స్టేడియం ఏర్పడింది. ఇప్పుడున్నది 2003లో కట్టినది. కోచ్ బేలా గుట్‌మన్ 1961, 1962లలో వరుసగా యూరోపియన్ కప్ గెలిపించి, జీతం పెంచమంటే కాదన్నారని వెళ్లిపోతూ, వందేళ్లు బెన్ఫికా ఐరోపా కప్పు గెలవదని శాపం పెట్టారంటారు. అది నిజమో కాదో గానీ, ఆ తరువాత ఆడిన ఎనిమిది యూరోపియన్ ఫైనళ్లలో ఒక్కటీ గెలవలేదు. పెద్దవాళ్ల ముందు ఈ విషయం తేలిగ్గా మాట్లాడకండి.

నేను ఇప్పుడు ఆ క్లబ్బు సభ్యుణ్ని. పోర్చుగీసు కూడా తరగతి గదిలో కంటే ఆ కాఫీ కొట్టు బల్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. మీ తరం గది తలుపు వేసుకుని ఫోన్‌లో తెలుగు వీడియోలు చూస్తూ ఇంటిమీద బెంగ పెంచుకుంటుంది, అది మానండి.

వచ్చే మ్యాచ్‌కు ఒక టికెట్ తీసుకోండి. నీలం లైన్ మెట్రోలో కొలేజియు మిలితార్ స్టేషన్‌లో దిగి, రెండు గంటల ముందే వెళ్లండి. ఉప్పునీటిలో ఊరిన పసుపుపచ్చని ట్రెమోసో గింజలు అమ్ముతుంటారు. నానిన బాదంపప్పు పొట్టు వలిచినట్టే, మునిపంటితో చిన్నగా కొరికి నొక్కితే పప్పు బయటికి జారుతుంది. పక్కనున్నవాళ్లకూ కొన్ని ఇవ్వండి. మీది ఏ క్లబ్బు అని తప్పక అడుగుతారు. ఇదే నా మొదటి మ్యాచ్ అని చెప్పండి. మ్యాచ్‌కు ముందు క్లబ్బు గుర్తయిన డేగ మైదానం మీద ఎగరడం మొదలయ్యేలోపు మీకు సగం చరిత్ర వాళ్లే చెప్పేస్తారు.