రిస్కు ఉందని చెప్పావు సరే, మర్నాడు పొద్దున ఏం చేస్తావు?

అమ్మాయ్,

నువ్వు పంపిన పరిశోధన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను కాబట్టి మార్జిన్లలో గీతలు చూసి బెదిరిపోకు. నాకు నచ్చింది. తల్లి రక్తంలో పద్నాలుగు పదార్థాలు కొలిచి, వాటిని కంప్యూటర్‌కి ఇచ్చి, ఎవరికి ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉండగా బీపీ పెరిగి తల్లికీ బిడ్డకీ ముప్పు తెచ్చే జబ్బు) వస్తుందో మూడో నెలలోనే చెప్పేయాలన్న నీ ఉబలాటం అర్థమైంది. నీ వయసులో నాకూ అదే యావ. కానీ ఇన్ని పేజీల్లో ఒక్క వాక్యం కోసం వెతికాను, దొరకలేదు. నీ లెక్క ప్రకారం ఒకామెకు రిస్కు ఎక్కువని తేలింది. సరే. మర్నాడు పొద్దున ఆమెకు ఏం చేస్తావు?

ఆ జవాబు ముందు రాసుకో. మిగతాదంతా తర్వాత.

ఇది చాదస్తం కొద్దీ అంటున్న మాట కాదు. ఆస్పిరిన్ సంగతే చూడు. 1994లో క్లాస్ప్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 9,364 మంది గర్భిణులు. కొందరికి రోజూ 60 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే డమ్మీ మాత్ర. ప్రీఎక్లాంప్సియా 12 శాతం తగ్గింది కానీ, అది మాత్ర వల్లే తగ్గిందని గట్టిగా చెప్పడానికి ఆ తేడా చాలలేదు. ఇక ఆస్పిరిన్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

కానీ ఆ ట్రయల్‌లో గర్భం 12వ వారం నుంచి 32వ వారం దాకా ఎప్పుడు వచ్చినవాళ్ళనైనా చేర్చుకున్నారు. జబ్బుకు బీజం పడేదేమో మొదటి నెలల్లో. మాయ (ప్లాసెంటా) గర్భాశయంలో కుదురుకునేటప్పుడు అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పవ్వాలి. అవి సరిగా వెడల్పు కాకపోతే మాయకు రక్తం చాలదు. ఆ ఇబ్బంది ఎన్నో వారాల తర్వాత తల్లి బీపీలో, మూత్రంలో ప్రోటీన్‌లో బయటపడుతుంది. అప్పటికి మాత్ర మొదలుపెడితే గోడలు లేచాక పునాది సరిచేయబోయినట్టే.

2017లో ఆస్ప్రీ ట్రయల్ వచ్చింది. ఈసారి 11–14 వారాల మధ్యే పరీక్ష చేశారు: తల్లి వివరాలు, బీపీ, గర్భాశయానికి వెళ్ళే ధమనుల స్కాన్, రక్తంలో రెండు పదార్థాలు. పద్నాలుగు కాదు, రెండు. 26,941 మందిని చూసి, రిస్కు ఎక్కువున్న 1,776 మందిని ట్రయల్‌లోకి తీసుకున్నారు. రాత్రి పడుకోబోయే ముందు 150 మిల్లీగ్రాములు, 36వ వారం దాకా. 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చేంత ప్రీఎక్లాంప్సియా డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్ళలో 4.3 శాతం మందికి వస్తే, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 1.6 శాతం మందికే వచ్చింది. నెలలు నిండాక వచ్చే రకం మాత్రం పెద్దగా తగ్గలేదు. అదీ గుర్తుపెట్టుకో, మనవాళ్ళు ఉపన్యాసాల్లో ఆ ముక్క మింగేస్తుంటారు.

మందు అదే. మారిందల్లా ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది. వెనకాల ఒక మాత్ర సిద్ధంగా ఉండబట్టే ఆ పరీక్షకు విలువొచ్చింది. (ఈ ఉత్తరం ఇంకెవరి చేతుల్లోనైనా పడితే ఒక మాట: గర్భంతో ఉన్నప్పుడు ఆస్పిరిన్ ఎవరికి వాళ్ళు మొదలుపెట్టే మాత్ర కాదు. డాక్టరు చెప్పాలి.)

ఇక నీ "తొంభై శాతం కచ్చితత్వం". మూడుచోట్ల రాశావు. కంప్యూటర్ పక్కనపెట్టి కాగితం మీద నాతో పాటు లెక్క వెయ్యి. వెయ్యిమంది గర్భిణులు. జబ్బు నూటికి ఒకరికి వస్తుందనుకుందాం, అంటే పదిమందికి. నీ పరీక్ష వాళ్ళలో తొమ్మిదిమందిని పట్టుకుంది. భేష్. మిగిలిన 990 మందిలోనూ పది శాతం మంది విషయంలో పొరబడుతుంది కదా, అంటే 99 మంది. మొత్తం 108 మందిని కూర్చోబెట్టి రిస్కు ఉందని చెప్తావు. నిజంగా జబ్బు వచ్చేది తొమ్మిదిమందికి.

ఆ 99 మంది కాగితం మీద అంకెలా కనిపిస్తారు. నాకు అందులో ఒకామె ముఖం గుర్తుంది. నేను కొత్తగా చేరిన రోజులు. ఏదో పరీక్షలో తేడా ఉందని చెప్పి పంపించాం. అప్పటినుంచి రోజుకు ఐదారుసార్లు బీపీ చూసుకుని, చిన్న నోటుబుక్కులో వరసగా రాసుకుని, ప్రతివారం నా బల్ల మీద పెట్టేది. అన్నీ మామూలే. "బాగుందమ్మా" అంటే నమ్మేది కాదు. చివరికి ఏ ఇబ్బందీ లేకుండా కాన్పయింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, "ఉంటాడో ఉండడో అని ఇన్నాళ్ళూ పేరు కూడా అనుకోలేదు డాక్టరుగారూ" అంది. ఆ నోటుబుక్కు ఏ పరిశోధన పట్టికలోనూ ఎక్కలేదు. నీ ప్రతిపాదనలో మాత్రం ఒక కాలమ్ పెట్టు: పరీక్ష ఫలితం విన్నాక ఆమె ఎలా ఉంది, నిద్రపోతోందా, అదనంగా ఎన్నిసార్లు ఆసుపత్రికి తిరిగింది.

అలాగని జోస్యం చెప్పే పరీక్షలన్నీ దండగ అనను. కొన్నిసార్లు "రాదు" అని చెప్పడమే పెద్ద సాయం. మాయ నుంచి రక్తంలోకి వచ్చే ఎస్‌ఎఫ్‌ఎల్‌టి-1 అనే ప్రోటీన్ ప్రీఎక్లాంప్సియాలో పెరుగుతుందని, రక్తనాళాలకు మేలు చేసే ఇంకో ప్రోటీన్ పీఎల్‌జీఎఫ్‌కి అది అడ్డుపడుతుందని 2003లో అనంత్ కరుమంచి బృందం చూపించింది. ఆ రెండింటి నిష్పత్తి మీద 2016లో ప్రోగ్నోసిస్ అనే అధ్యయనం వచ్చింది. అనుమానం ఉన్న గర్భిణిలో నిష్పత్తి 38 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే, వచ్చే వారం రోజుల్లో జబ్బు రాదని 99.3 శాతం నమ్మకంగా చెప్పొచ్చు. 38 దాటితే నాలుగు వారాల్లో వస్తుందన్న మాట నిజమయ్యేది 36.7 శాతం మందిలోనే. చూశావా, ఒకే పరీక్ష, ఒకవైపు రాయిలా నిలబడింది, ఇంకోవైపు ఊగుతోంది. తలనొప్పి, కాస్త బీపీతో రాత్రి పదింటికి వచ్చిన ఆమెను ఇంటికి పంపాలా, చేర్చుకోవాలా అని తల పట్టుకున్న డ్యూటీ డాక్టరుకు ఆ మొదటివైపు చాలు. మర్నాడు పొద్దున ప్రశ్నకు అక్కడ జవాబుంది.

ఇప్పుడు అసలు నిన్ను కూర్చోబెట్టి చెప్పాలనుకున్నది. బీపీ.

నీ పద్నాలుగు పదార్థాలను ఖరీదైన యంత్రంలో కొలుస్తావు. జబ్బు వచ్చిందా రాలేదా అని తేల్చేది మాత్రం 140/90 అన్న గీత. ఆ అంకెను ఎవరు, ఎలా చూస్తున్నారో ఒకరోజు వెళ్ళి పక్కన నిలబడు. ఒకసారి నేను మా అధ్యయనం రిజిస్టరు తీసుకుని సాయంత్రం ఒంటరిగా కూర్చున్నాను. పేజీ పొడుగునా 110/70, 120/80, 110/70, 120/80. పేజీ తిప్పితే మళ్ళీ అవే. పాదరసం యంత్రంలో రెండేసి అంకెలకు ఒక గీత ఉంటుంది. నిజంగా గీత చూసి రాస్తే చివర 0, 2, 4, 6, 8 సుమారు సమానంగా పడాలి, అంటే సున్నాలు ఐదోవంతు. మా రిజిస్టరులో వేలితో లెక్కపెట్టుకుంటూ పోతే ఇంచుమించు అన్నీ సున్నాలే. కొన్నిచోట్ల మొదట రాసిన 140 మీద దిద్ది 138 చేశారు. పాపం, 140 రాస్తే ఫారాలు నింపాలి, పెద్ద డాక్టరును పిలవాలి, బయట క్యూ పెరిగిపోతుంది.

నర్సును తిట్టలేదు, తిట్టి లాభం లేదు. ఒక్కతే గంటకు ముప్ఫైమందిని చూస్తుంటే ఎవరైనా అంతే. ఒక కుర్చీ తలుపు దగ్గర్నుంచి తీసి లోపల వేయించాం, ఐదు నిమిషాలు కూర్చున్నాకే పట్టీ చుట్టాలన్నాం, లావుచేతులకు పెద్ద పట్టీ తెప్పించాం. చిన్న పట్టీ చుడితే బీపీ లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. చూస్తున్నంతసేపు మాట్లాడించొద్దన్నాం, ఇది అన్నిటికంటే కష్టమైంది. మరుసటి నెల పేజీల్లో 116లూ 74లూ కనపడ్డాయి. ఏ పత్రికలోనూ వేయని ఆ పేజీ చూసి నేను పొందిన సంతోషం తర్వాత వేసిన వ్యాసాలకు కూడా పొందలేదు.

కొలత సరిగ్గా ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ, జబ్బు వేరైనా. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని కంటి అంచనాతో చెప్పడం మనందరికీ అలవాటు. 2023లో ఈ-మోటివ్ ట్రయల్‌లో తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. రక్తం గీత దాటగానే మర్దన, మందులు, సెలైన్, ఎక్కడినుంచి పోతోందో చూడడం అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో మామూలు కాన్పులైన రెండు లక్షలమందికి పైగా తల్లులు. రక్తస్రావాన్ని గుర్తుపట్టడం 51 శాతం నుంచి 93 శాతానికి వెళ్ళింది. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, ప్రాణం పోవడం, మూడూ కలిపితే 4.3 శాతం ఉండాల్సింది 1.6 దగ్గర ఆగింది. ఆస్పిరిన్‌కి వచ్చిన అంకెలే, యాదృచ్ఛికంగా. గీతలు గీసిన సంచి అమ్మాయ్! ఇందులో జోస్యం లేదు, ఆలస్యం లేకపోవడమే ఉంది.

వారాల లెక్క కూడా చూసుకో. చివరి నెలసరి తేదీ గుర్తుందన్నవాళ్ళలో చాలామంది అంచనాగా చెప్తారు. నీ పదార్థాలు వారం వారం మారేవి, రెండు వారాలు తేడా వస్తే ఆరోగ్యంగా ఉన్నామె కూడా పట్టికలో జబ్బుమనిషి అవుతుంది. మొదటి స్కాన్ కొలతతోనే వారాలు కట్టు.

చిన్న అధ్యయనంలో గొప్ప ఫలితం వస్తే ముందు అనుమానపడు. 1999లో 283 మందితో చేసిన ట్రయల్‌లో విటమిన్ సి, ఇ వేసుకున్నవాళ్ళలో ప్రీఎక్లాంప్సియా 17 శాతం నుంచి 8 శాతానికి పడిపోయింది. అందరం ఎగిరి గంతేశాం. విటమిన్లే కదా, ఏం పోయిందిలే అన్నారు. 2006లో 2,410 మందితో మళ్ళీ చేస్తే జబ్బు తగ్గలేదు సరికదా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు 24 శాతం నుంచి 28 శాతానికి పెరిగారు. "ఏం పోయిందిలే" అన్న మాట మన పనిలో చాలా ఖరీదు. గర్భస్రావం ఆపుతుందని ఇచ్చిన డీఈఎస్ హార్మోన్ పనిచేయడం లేదని 1953లోనే ట్రయల్ చెప్పింది, అయినా ఇస్తూనే పోయారు. 1971లో ఆ తల్లుల కూతుళ్ళలో అరుదైన కేన్సర్ బయటపడింది. అందుకే బిడ్డల్ని కాన్పు రోజుతో వదిలేయకుండా ఎన్నేళ్ళు చూస్తావో కూడా రాయి.

చివరగా, నీ పట్టికలో ఫాలో-అప్‌కి రానివాళ్ళను తీసేస్తానన్నావు. తీసేయకు. బిడ్డను పోగొట్టుకున్నామె, పొట్టలతో ఉన్నవాళ్ళు వరసగా కూర్చున్న ఆ హాల్లోకి మళ్ళీ ఎందుకు వస్తుంది? నువ్వు వెతుకుతున్న కేసులు ఎక్కువగా ఆ ఖాళీ గడుల్లోనే ఉంటాయి. ఒక మనిషిని పెట్టుకో, ఓపికగా మాట్లాడగలిగిన మనిషి, ఫోన్ చేయడానికి. బడ్జెట్ చాలకపోతే పద్నాలుగులో నాలుగు పదార్థాలు కొట్టేయ్. ఏవి కొట్టేయొచ్చో ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టాను.

ఈ వారం ఒక్క పని చెయ్. మీ క్లినిక్ బీపీ రిజిస్టరులో ఈమధ్య పేజీలు పది తీసి, సున్నాతో ముగిసినవి ఎన్నో లెక్కపెట్టి నాకు రాయి.

ఆశీస్సులతో,
నీ పాత మేడమ్