మామ పిలిచాడు సరే, అత్త ఏమంది?

"అక్కా, నాకు 29 ఏళ్లు, వచ్చే ఆగస్టుకి 30 నిండుతాయి. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. బీటెక్ ఈసీఈ చేసి రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తున్నా. జీతం 26 వేలు, ఇప్పటిదాకా 3 లక్షల 40 వేలు దాచుకున్నా. ఒకటి రెండేళ్లు బయటి దేశంలో పనిచేసుకుంటూ నాలుగు ఊళ్లు చూసి రావాలని ఆశ. లెస్టర్‌లో మా మేనమామ ఉన్నాడు, ఇంగ్లండ్ వచ్చేయ్, మా ఇంట్లోనే ఉండు, పైసా ఖర్చు కాదు అంటాడు. మెల్‌బోర్న్‌లో ఫ్రెండ్ ఉంది, సంపాదన ఇక్కడే ఎక్కువ, ఇక్కడికి రా అంటుంది. అమ్మేమో పోతే మామ దగ్గరికే పో, లేకుంటే పెళ్లి చేసుకుని పో అంటోంది. పలమనేరు సంబంధం ఒకటి మాట్లాడుతున్నారు. నాయన ఏమీ అనడు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండున్నర లక్షలు కడితే వీసా బ్యాలట్‌లో (లాటరీ లాంటిది) పేరు గ్యారంటీ అంటున్నారు. 30 నిండితే వీసా రాదంట, టెన్షన్‌గా ఉంది. ఏ దేశం పోవాలక్కా?"

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మామ ఏమన్నాడో ఉంది, ఫ్రెండ్ ఏమందో ఉంది, ఆఖరికి కన్సల్టెన్సీ వాడి మాట కూడా ఉంది. అత్త గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. నాకు అక్కడే చెయ్యి ఆగింది, దాని దగ్గరికి మళ్లీ వస్తా.

ముందు టెన్షన్ సంగతి. 30 నిండగానే తలుపు మూసుకోదు. పనిచేసుకుంటూ ఉండి వచ్చే ఈ వీసాలకు ఇంగ్లండ్, ఆస్ట్రేలియా రెండూ 18 నుంచి 30 ఏళ్లవాళ్లు అని రాశాయి, అంటే 31వ పుట్టినరోజు రాకముందు అప్లై చేస్తే చాలు. నీకు ఈ ఆగస్టు కాదు, దాని తర్వాతి ఆగస్టు దాకా టైం ఉంది. ఈ లోపల ఇంగ్లండ్ బ్యాలట్ ఒకటికి రెండుసార్లు తెరుస్తారు. కాబట్టి ఎవరైనా "ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ లేదు" అని తొందర పెడితే, ఆ తొందర వాళ్లదే అనుకో.

రెండున్నర లక్షల గ్యారంటీ మాట ఎత్తినవాడి ముందు నుంచి లేచి వచ్చేయ్. తిరుపతిలో ఉండేవాళ్లకు నేను చెప్పాల్సిన పనే లేదు, సుప్రభాత సేవకు లక్కీ డిప్‌లో పేరు వేస్తాం కదా, ఇదీ అంతే. పేరు వేయడం మన చేతిలో ఉంది, రావడం మన చేతిలో లేదు. ఇంగ్లండ్ వాళ్ల పథకం పేరు ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. ఏడాదికి 3,000 మందికి ఇస్తారు, ఇప్పటిదాకా ఫిబ్రవరిలో ఒకసారి, జులైలో ఒకసారి రెండు రోజులపాటు తెరుస్తున్నారు, పేరు వేయడం ఫ్రీ. ఆస్ట్రేలియాది 462 నంబరు వీసా, పనిచేసుకుంటూ ఊళ్లు చూసేది, మనకు 2024 సెప్టెంబరు నుంచి ఇస్తున్నారు, ఏడాదికి 1,000 మంది, బ్యాలట్‌కు 25 ఆస్ట్రేలియా డాలర్లు, మన డబ్బుల్లో 1,500 అటూ ఇటూ. మొదటిసారి తెరిచినప్పుడు రెండు వారాల్లోనే 40,000 మంది పేర్లు పడ్డాయి. వీటిలో కంప్యూటర్ ఎవరి పేరు తీస్తే వాళ్లదే. మా తమ్ముడు ఏడేళ్ల కిందట చదువు వీసా కోసం ఇలాంటి ఒక ఆఫీసులో లక్షన్నర పోశాడు. ఆ ఆఫీసు ఉన్న గదిలో ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు, అటు పోయినప్పుడల్లా మా అమ్మ తల తిప్పుకుంటుంది.

ఇక్కడ నీకు ఇంకో సంగతి అర్థం కావాలి. ఏ దేశం అని మీ ఇంట్లో నెలల తరబడి కొట్లాడుకుంటున్నారు, కానీ ఆ రెండిట్లో ఏదీ ఇంకా మీ చేతికి రాలేదు. డిప్‌లో టికెట్ రాకముందే కొండ మీద ఏ గెస్ట్ హౌస్‌లో దిగాలని మొగుడూ పెళ్లాలు అరుచుకున్నట్టుంది. రెండిట్లోనూ పేరు వేయి. వచ్చింది చూసుకుని మాట్లాడుకోవచ్చు. (కెనడాకూ జపాన్‌కూ ఇలాంటి వీసాలు ఉన్నాయని ఎవరైనా చెప్తే నమ్మి కూర్చోకు, ఉన్నాయి గానీ ఆ లిస్టుల్లో మన దేశం పేరు లేదు.)

సరే, రెండూ వస్తాయనే అనుకుందాం, ఆశకేం. డబ్బు లెక్క చూద్దాం, 2025 ఫీజులతో చెప్తున్నా, ఇవి ఏటా పెరుగుతాయి.

ఇంగ్లండ్ అయితే నీ అకౌంట్‌లో 2,530 పౌండ్లు 28 రోజులు కదలకుండా ఉండాలి. పౌండు 115 రూపాయలు అనుకుంటే 2 లక్షల 90 వేలు. ఇది చూపించేదే, నీ దగ్గరే ఉంటుంది. కట్టేది వేరే ఉంది. వీసా ఫీజు 319 పౌండ్లు, దాని మీద ఆరోగ్య సర్‌చార్జీ ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకు 1,552 పౌండ్లు ఒకేసారి. అంటే ఇల్లు కదలకముందే 2 లక్షల 15 వేలు పోతాయి. టికెట్, టీబీ పరీక్ష, అటూ ఇటూ తిరుగుళ్లు కలిపితే ఐదున్నర, ఆరు లక్షలు చేతిలో ఉండాలి. "పైసా ఖర్చు కాదు" అన్న మామ ఈ లెక్క చూసినట్టు లేదు. ఆస్ట్రేలియాకు చూపించాల్సింది 5,000 డాలర్లు, దాని పైన టికెట్ డబ్బులు. డాలరు 57 అనుకుంటే 2 లక్షల 85 వేలు. వీసా ఫీజు 670 డాలర్లు, 38 వేల పైన. అంతా కలిపి నాలుగు లక్షల చిల్లరలో తేలుతుంది. నువ్వు దాచుకున్నదానికి ఇదే దగ్గర.

చాలామంది చేసే పని ఒకటి చెప్తా, నువ్వు చేయొద్దు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి 28 రోజులు అకౌంట్‌లో పెట్టి, వీసా రాగానే తిరిగి ఇచ్చేస్తారు. ఆ డబ్బు ఆఫీసర్ కోసం కాదు తల్లీ, దిగాక పని దొరికేదాకా నువ్వు తినడానికి. అది లేకుండా దిగినవాళ్లు మొదటివాడు ఏ పని ఇస్తే అది, ఎంత ఇస్తే అంత ఒప్పుకుంటారు. అమ్మ గాజులు తాకట్టు పెట్టడం గురించి రాయలేదు గానీ ఆ మాట మీ ఇంట్లో వచ్చే ఉంటుంది, రాకపోతే వస్తుంది. వద్దను.

పని సంగతికి వస్తే మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తి అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆస్ట్రేలియాలో కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు, ఇంగ్లండ్‌లో 21 దాటినవాళ్లకు 12.21 పౌండ్లు. మన రూపాయల్లో దాదాపు పక్కపక్కనే ఉన్నాయి, ఇవీ 2025 లెక్కలే. కానీ ఆస్ట్రేలియాలో ఈ వీసా మీద పనిచేసేవాళ్లకు మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను, ఇంగ్లండ్‌లో ఏడాదికి 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు. ఇంకోటి, అక్కడ యజమాని నీ పేరు మీద సూపర్ అని పింఛను డబ్బు వేస్తాడు, మీ ఫ్రెండ్ దాన్నీ సంపాదనలో కలిపి చెప్తోందేమో అడుగు. ఈ వీసావాళ్లు వెనక్కి వచ్చేటప్పుడు దాన్ని తీసుకుంటే 65 శాతం పన్నుకే పోతుంది.

అసలు తేడా జీతంలో లేదు. 462 మీద ఒకే యజమాని దగ్గర ఆరు నెలలే చేయాలి, కొన్ని పనులకు మినహాయింపు ఉంది గానీ మామూలుగా అంతే. ఆరు నెలల్లో పోయేదానికి ఏ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ట్రైనింగ్ ఇచ్చి కూర్చోబెడుతుంది? దొరికేవి కేఫ్‌లు, హాస్టళ్లు, తోటలు. ఇంగ్లండ్ వీసా రెండేళ్లు, పని నీ ఇష్టం, నీ క్వాలిటీ లైన్‌లోనే వెతుక్కోవచ్చు. దొరుకుతుందని కాదు, వెతకడానికి టైం ఉంటుంది. ఆ రెండేళ్లు అయ్యాక మాత్రం ఈ వీసా పొడిగించరు.

తోటలు అన్నాను కదా, నీకు నవ్వొచ్చే మాట. ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్, కేథరిన్ అనే ఊళ్ల చుట్టూ మామిడి తోటలు. మనకు కాయ జూన్‌లో దిగితే వాళ్లకు సెప్టెంబరు, అక్టోబరుల్లో మొదలవుతుంది. అలాంటి మారుమూల ప్రాంతంలో మూడు నెలలు పనిచేస్తే మళ్లీ బ్యాలట్ లేకుండా రెండో ఏడాది వీసా అడగొచ్చు (అదీ 31 రాకముందే అడగాలి, నీ విషయంలో అది ఇరుకు). బంగారుపాళ్యం మార్కెట్‌కు తోతాపురి ట్రాక్టర్లు రాత్రంతా క్యూలో నిలబడటం చూసిన పిల్లవు, సొన పడితే చర్మం ఎట్లా కాలుతుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున ఐదుకు మొదలుపెట్టి, చేతులకు గుడ్డలు చుట్టుకుని, మన మే నెలలాంటి ఎండలో కాయ తెంచడం. "ఇంట్లో నాయన తోటకు రమ్మంటే రానిది, అంత దూరం పోయి కాయలు కోసిందా" అని ఊళ్లో అంటారు కూడా. నేనైతే ఇందులో నామోషీ చూడను, గంటకు వచ్చే డబ్బు చూస్తా. కానీ నీకు ఎట్లా ఉంటుందో నువ్వే చెప్పాలి. నెలల తరబడి ఆ పని చేస్తున్న నిన్ను నువ్వు ఊహించుకుని, వెనక్కి వచ్చాక బయోడేటాలో ఆ ఏడాది గురించి ఏం రాస్తావో కూడా ఊహించుకో. పర్లేదు, నాకు ఊళ్లు చూడాలి, డబ్బు రావాలి, వచ్చి మళ్లీ రేణిగుంటలోనే చేరతా అనుకుంటే ఆస్ట్రేలియా పో, హాయిగా ఉంటుంది. నా చదువుకు తగ్గ పని ఒక్కసారైనా బయట చేయాలి అనుకుంటే ఇంగ్లండ్. నీ ఉత్తరంలో ఉద్యోగం గురించి ఒక్క వాక్యం, ఊళ్ల గురించీ ఒక్క వాక్యం ఉంది, మిగతాదంతా ఎవరు రమ్మన్నారనేదే. అందుకే నీకు తేలడం లేదు.

ఇప్పుడు అత్త. నేను డిగ్రీ అయ్యాక చెన్నైలో మా పిన్నమ్మ ఇంట్లో ఏడాదిన్నర ఉన్నాను. పిలిచింది బాబాయి, మనిషి బంగారం. పిన్నమ్మ ఒక్క మాట అనలేదు, ఇప్పటికీ అనదు. కానీ ఫ్రిజ్ తెరవాలంటే నా చెయ్యి వెనక్కి వచ్చేది. సాయంత్రం ఆకలేస్తే కింద షాపులో బిస్కెట్ ప్యాకెట్ కొని మెట్ల మీదే తినేసి, నోరు తుడుచుకుని పైకి పోయేదాన్ని. ఆదివారం బయటికి పోవాలంటే పిల్లల స్నానాలు, గిన్నెలు అయ్యాకే అడిగేదాన్ని, ఎవరూ చేయమనకపోయినా. అద్దె లేని ఇంట్లో అద్దె ఇట్లా కడతాం. మీ మామ మనసు మంచిదే, కాదనను. కానీ లెస్టర్‌లో ఆ ఇల్లు ఎన్ని గదులు, పిల్లల పరీక్షలు ఎప్పుడు, ఇంకో మనిషికి వండేది ఎవరు, ఇవన్నీ తెలిసింది అత్తకు. రెండేళ్లు అనే మాట ఆమెకు చెప్పారో లేదో కూడా నీకు తెలియదు. మామ ఇల్లు మొదటి ఆరు వారాలకు పెట్టుకో, ఆ తర్వాత వేరే గది చూసుకుంటానని ముందే చెప్పు. ఆ మాట విని మామ బాధపడొచ్చు, అత్త మాత్రం నిన్ను ఇంకాస్త ప్రేమగా చూస్తుంది.

అమ్మ విషయం. ఆమె పెళ్లి, పెళ్లి అంటోంది గానీ ఆమె భయం పెళ్లి కాదు, నువ్వు ఎవరి చూపులో ఉంటావు అనేది. అందుకే మామ అయినా సరే, మొగుడైనా సరే అంటోంది. ఆమెకు ఒక సంగతి చెప్పు, పెళ్లయినవాళ్లూ ఈ వీసాలకు అప్లై చేయొచ్చు, కానీ వీటి మీద భర్తను వెంట తీసుకుపోలేం, అతనికి అతని వీసా ఉండాలి. హడావిడిగా మూడు ముళ్లు వేయించి నిన్ను ఒక్కదాన్నే విమానం ఎక్కిస్తే, అబ్బాయివాళ్లు ఊరుకుంటారా? పలమనేరువాళ్లకు మాత్రం ఇప్పుడే చెప్పించు, బ్యాలట్‌కు పేరు వేస్తోంది, వస్తే ఏడాదో రెండేళ్లో పోతుంది అని. ఆగుతాం అంటే మంచిదే. ఆగం అంటే అదీ మంచిదే, కానీ నిశ్చితార్థం అయ్యాక బయటపడితే మీ నాయన తల వంచుకోవాల్సి వస్తుంది.

నాయన మాట్లాడడు అన్నావు. ఆయనను ఎవరైనా ఏమైనా అడిగారా? మీ ఇంట్లో అమ్మ చెప్తుంది, నువ్వు ఏడుస్తావు, ఆయన పేపర్ చదువుతాడు. అవునా కాదా? పైన రాసిన లెక్క ఒక కాగితం మీద నీ చేత్తో రాసి, చూపించేది ఒక వైపు, కట్టేది ఒక వైపు, ఆయన ముందు పెట్టి "నాయనా, ఇందులో ఏం మర్చిపోయానో చూడు" అను. పోనిస్తావా అని అడగొద్దు. లెక్కలో తప్పు వెతకడం మొదలుపెట్టాడంటే ఆయన మాట్లాడుతున్నట్టే. నీకు తక్కువ పడే రెండు లక్షల గురించి కూడా ఆయనే ఎత్తుతాడు, ఎత్తితే అప్పుగా రాయించుకో, వడ్డీ లేకుండా, తేదీ వేసి.

పాస్‌పోర్ట్‌లో, సర్టిఫికెట్లలో ఇంటి పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకో. పేరు వచ్చాక ఆస్ట్రేలియాకు అప్లై చేయడానికి 28 రోజులే ఇస్తారు, ఇంగ్లండ్‌కు 90. ఆ రోజుల్లో ఆఫీసుల చుట్టూ తిరగలేవు. వీసా చేతికి వచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా వద్దు, మేనేజర్‌తో ఎంత పడకపోయినా సరే.

అన్నిటికంటే ముందు అత్తకు ఫోన్ చెయ్. మామ పక్కన లేనప్పుడు. మనకు సాయంత్రం నాలుగైతే చలికాలంలో వాళ్లకు పొద్దున పదిన్నర, మామ పనికి పోయి ఉంటాడు, పిల్లలు స్కూల్లో ఉంటారు. వస్తానని చెప్పకు. "అత్తా, అక్కడ ఒక గది అద్దెకు తీసుకోవాలంటే ఎంత అవుతుంది?" అని అడుగు, అడిగి ఊరుకో. "అద్దె ఏందే, మన ఇల్లు లేదా" అని వెంటనే అంటుందా, కాస్త ఆగి రేటు చెప్తుందా, అది విని నాకు రాయి.